కాలంలో ఒక ముడత, మా ఇంట్లో ఒక తగువు

మా అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా, అంటే 1997 చివర్లో, ఒక సాయంత్రం నన్ను పట్టుకుని "నువ్వు ఇట్‌వి" అంది. ఇక్కడి పిల్లల పట్టుకునే ఆటలో దొంగని "ఇట్" అంటారు కదా, అలాంటిదేదో కాబోలు అనుకుని నవ్వి ఊరుకున్నాను. అప్పుడు నా చేతిలో చపాతీ పిండి. దాని నోట్లో పదిహేడో ఎక్కం. రోజూ సాయంత్రం వంట అయ్యేలోపు పన్నెండు నుంచి ఇరవై దాకా ఎక్కాలు అప్పచెప్పించేదాన్ని. మా ఊరి బడిలో మేం చదివినట్టే, ఒక లయలో, తల ఊపుతూ. అలా అయితేనే గుర్తుంటాయని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదనుకోండి.

నాలుగు రోజుల తర్వాత దాని స్కూలు సంచిలో ఒక పుస్తకం కనబడితే తిరగేశాను. మెడలిన్ లెంగిల్ రాసిన "ఎ రింకిల్ ఇన్ టైమ్". అందులో "ఇట్" అనేది ఆటలో దొంగ కాదు. ఒళ్ళూ కాళ్ళూ లేకుండా గద్దె మీద కూర్చుని ఊరి జనం అందరి చేతా ఒకే పని ఒకే లయలో చేయించే ఒక పెద్ద మెదడు! ఆ ఒక్క అధ్యాయం చదివి పుస్తకం మూసేశాను. ఒళ్ళు మండిపోయింది. ఈ దేశంలో పిల్లలకి తల్లిదండ్రుల మీద తిరగబడమని పుస్తకాలు రాసి మరీ నేర్పుతారు కాబోలు అని మా వారితో అన్నాను. అదే నా మొదటి విమర్శ. రెండోది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇన్నేళ్ళూ ఎందుకు చదవలేదని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. 2018 మార్చిలో డిస్నీ వారి సినిమా వచ్చింది. ఏవా డువెర్నే దర్శకత్వం, ఓప్రా విన్‌ఫ్రీ, రీస్ విదర్‌స్పూన్, మనవాళ్ళ పిల్ల మిండీ కేలింగ్ ముగ్గురు వింత ఆడవాళ్ళుగా వేశారు. నెలకొకసారి మా ఊరి లైబ్రరీలో కలిసే మా తెలుగు చదువరుల బృందంలో ఒకావిడ, "మనం ఎప్పుడూ మన నవలలే చదువుతాం, ఈసారి మన పిల్లలు చదివింది చదువుదాం" అంది. సరే అన్నాం. పదిమందిమి ఉంటాం. అందరం యాభై దాటినవాళ్ళమే. ఒక్క పుస్తకంతో ఆగుతుందనుకున్నది అయిదు పుస్తకాలూ, అయిదు నెలలూ పట్టింది. ఇన్నేళ్ళలో మా బృందంలో అంత గట్టిగా గొంతులు లేచిన సందర్భం మరొకటి లేదు, ఎన్నికల సంవత్సరాలతో సహా.

తెలియనివారి కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. మెగ్ మర్రీ అనే పదమూడేళ్ళ పిల్ల. కళ్ళద్దాలు, పళ్ళకి తీగలు, లెక్కల్లో చురుకు, మిగతా అన్నిటిలో వెనక. తండ్రి భౌతిక శాస్త్రవేత్త, ప్రభుత్వం పని మీద వెళ్ళి మాయమైపోయాడు. ఊళ్ళో నలుగురూ ఆయన ఇంకెవరితోనో లేచిపోయాడని చెవులు కొరుక్కుంటూ ఉంటారు. (ఈ విషయంలో ఆ ఊరికీ మన ఊళ్ళకీ ఏమీ తేడా లేదు.) అయిదేళ్ళ తమ్ముడు చార్ల్స్ వాలెస్ అసాధ్యమైన తెలివిగలవాడు, స్నేహితుడు కాల్విన్. ఈ ముగ్గురూ మిసెస్ వాట్సిట్, మిసెస్ హూ, మిసెస్ విచ్ అనే ముగ్గురు ముసలమ్మల సాయంతో దేశకాలాలని మడతపెట్టి కామజాట్స్ అనే గ్రహానికి వెళ్ళి, అక్కడ బందీగా ఉన్న తండ్రిని విడిపిస్తారు. 26 మందికి పైగా ప్రచురణకర్తలు తిప్పి పంపేశాక 1962లో అచ్చయింది, 1963లో న్యూబెరీ పతకం వచ్చింది. తర్వాత 1973లో "ఎ విండ్ ఇన్ ది డోర్", 1978లో "ఎ స్విఫ్ట్‌లీ టిల్టింగ్ ప్లానెట్", 1986లో "మెనీ వాటర్స్", 1989లో "ఏన్ ఎక్సెప్టబుల్ టైమ్". లెంగిల్ 2007లో, 88 ఏళ్ళ వయసులో పోయారు.

మొదటి సమావేశంలో మొదటి తగువు మతం మీద వచ్చింది. ఒకాయన పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇది బైబిలు క్లాసమ్మా, సైన్స్ ఫిక్షన్ అని పేరు పెట్టి మన పిల్లలకి ఇచ్చారు" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. లెంగిల్ ఎపిస్కోపల్ చర్చికి చెందిన భక్తురాలు. న్యూయార్కులోని సెయింట్ జాన్ ది డివైన్ కెథడ్రల్‌లో దశాబ్దాల పాటు లైబ్రేరియన్‌గా ఉన్నారు. కథలో పాత్రలు బైబిలు వాక్యాలు వల్లిస్తారు. అయితే తమాషా ఏమిటంటే, ఈ దేశంలో ఈ పుస్తకాన్ని స్కూళ్ళ నుంచి తీసెయ్యమని గోల పెట్టినవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులే. 1990 నుంచి 1999 దాకా ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలంటూ అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వేసిన పట్టికలో మొదటి పాతికలో ఇదొకటి. వాళ్ళ కోపం ఏమిటంటే, చీకటితో పోరాడినవాళ్ళ పేర్లు చెప్పమన్నప్పుడు పిల్లలు ఏసుక్రీస్తు పేరుతో మొదలుపెట్టి అదే వరసలో లియొనార్డో, షేక్‌స్పియర్, బాక్, మేడమ్ క్యూరీ, ఐన్‌స్టీన్, గాంధీ, బుద్ధుడు అంటూ పోతారు. దేవుడి కొడుకుని మనుషుల వరసలో నిలబెట్టేసిందని వాళ్ళ బాధ. మరోవైపు దేవుడి గొడవ లేనివాళ్ళకి, మంచి సైన్సు కథలో ఈ దేవదూతలేమిటని విసుగు.

గాంధీ, బుద్ధుడు అనగానే మా ఆయనగారు మెత్తబడ్డారు. "ఆ పేజీ నేను సరిగ్గా చూసుకోలేదు" అని పుస్తకం వెనక్కి లాక్కున్నారు. మన పేరు ఒకటి కనబడితే చాలు, మనకి ఏ పుస్తకమైనా మంచిదైపోతుంది. నాకు మాత్రం ఆ జాబితా ఆ పుస్తకంలో బలహీనమైన చోట్లలో ఒకటి అనిపించింది. గాంధీగారి పేరు ఊరికే వరసలో వస్తుంది, అంతే. ఆయన దేనితో పోరాడాడో, ఎలా పోరాడాడో పిల్లవాడికి తెలియదు. స్కూలు గోడ మీద మహనీయుల పటాలు తగిలించినట్టుంది. భక్తికి సంబంధించి ఆ పుస్తకంలో గట్టి విషయం వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రెండో తగువు సైన్సు మీద. మా బృందంలో ఇంజనీర్లకి కొరత లేదు. "టెసెరాక్ట్ అంటే నాలుగు పరిమాణాల ఘనం. 1888లో హింటన్ పెట్టిన పేరు. దానిమీద ఎక్కి ఎవరూ ఎక్కడికీ ప్రయాణం చెయ్యలేరు. ఈవిడ దాన్ని అయిదో పరిమాణం అంటుంది. తప్పు" అని ఒకాయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు. ఆయన గీసిన బొమ్మ సరైనదే. నేను కూడా వాల్తేరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివినదాన్నే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. కానీ ఒక చీమ, ఒక గౌను అంచు తీసుకుని లెంగిల్ చెప్పిన ఉదాహరణ చూడండి. గుడ్డని రెండు చేతులతో చాచి పట్టుకుంటే చీమ ఈ చేతి నుంచి ఆ చేతికి నడవాలి. చేతులు దగ్గరికి తెస్తే నడిచే పనే లేదు. "వర్మ్‌హోల్" అనే పేరు వీలర్ పెట్టింది 1957లో. అయిదేళ్ళు తిరక్కుండా పిల్లల పుస్తకంలో ఒక చీమతో ఆ ఊహని ఇంత సులువుగా చెప్పడం చిన్న సంగతి కాదు. పేరు తప్పు, బొమ్మ ఒప్పు. పరీక్ష పేపరైతే సగం మార్కులు వేస్తాను. కథ కాబట్టి ముప్పావు వేస్తాను.

అక్కడితో ఆగితే మనవాళ్ళం ఎందుకవుతాం? రిటైరైన ఒక తెలుగు లెక్చరర్‌గారు కకుద్మి కథ ఎత్తుకున్నారు. కకుద్మి తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆ పిల్లని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం జరుగుతోంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూలోకంలో ఇరవయ్యేడు మహాయుగాలు గడిచిపోయాయని బ్రహ్మ నవ్వుతాడు. ఆ రేవతినే బలరాముడు పెళ్ళాడాడు, అంటే "మాయాబజార్"లో ఛాయాదేవి వేసిన రేవతమ్మ అన్నమాట. "ఐన్‌స్టీన్ చెప్పింది మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు" అని లెక్చరర్‌గారు ముగించారు. ఇటువంటి మాటలు నేను సాధారణంగా ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాను. ఈసారి మాత్రం ఆ కథ నన్ను వదల్లేదు.

ఎందుకంటే రెండు కథలూ ఒకటి కావు. లెంగిల్ పిల్లలు విశ్వమంతా తిరిగి, బయల్దేరిన రాత్రే, ఇంకా ఎవరూ వెతక్కముందే, కవల తమ్ముళ్ళు పెంచుతున్న కూరల మడిలో, బ్రకోలీ మొక్కల మధ్య వచ్చి పడతారు. పోయిన కాలం ఏమీ లేదు. కకుద్మి తిరిగొచ్చేసరికి మనసులో అనుకున్న పెళ్ళికొడుకులూ లేరు, వాళ్ళ మనవలూ లేరు, వాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు కూడా లేరు. 1986లో బయల్దేరి 1993లో మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు మా వీధిలో నా పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది మిగిలారో నేను లెక్కపెట్టుకున్నాను. మా నాన్న అప్పటికి రెండేళ్ళ కిందట పోయారు. ఆ బ్రకోలీ మడి దగ్గర మా అమ్మాయికి సంతోషం కలిగిందట. నాకు అసూయ కలిగింది.

ఆ మడి మీద ఇంకో తగువు కూడా ఉంది. రెబెకా స్టెడ్ అనే రచయిత్రి 2009లో "వెన్ యూ రీచ్ మీ" అని ఒక నవల రాసింది. అందులోని పిల్ల ఎప్పుడూ "రింకిల్ ఇన్ టైమ్" పుస్తకమే చంకలో పెట్టుకుని తిరుగుతుంది. ఇంకో కుర్రాడు దానితో వాదన పెట్టుకుంటాడు. బయల్దేరడానికి అయిదు నిమిషాల ముందే తిరిగొస్తామని ముసలమ్మ మాట ఇచ్చింది కదా, అలాగైతే బయల్దేరేముందే ఆ మడిలో తమని తాము చూసుకుని ఉండాలి కదా అంటాడు. ఆ పుస్తకానికీ 2010లో న్యూబెరీ వచ్చింది. ఒక చదువరి అభ్యంతరంలోంచి మరో మంచి పుస్తకం పుట్టడం నాకు చాలా నచ్చిన విషయం. మన దగ్గర అభ్యంతరాల్లోంచి ఎక్కువగా ఉత్తరాలు పుడతాయి.

ఇక కామజాట్స్. ఇక్కడే మా బృందం రెండుగా చీలిపోయింది. ఆ గ్రహంలో ఇళ్ళన్నీ ఒకటే రంగు, ఒకటే కొలత. ఇంటి ముందు ఒక్కొక్కరు, కొందరి చేతిలో గెంతే తాళ్ళు, కొందరి చేతిలో బంతులు. అన్ని బంతులూ ఒకేసారి నేలని కొడతాయి, ఒకేసారి లేస్తాయి. తల్లులంతా ఒకేసారి తలుపు తీసి ఒకేసారి పిల్లల్ని లోపలికి పిలుస్తారు. ఒక్క పిల్లవాడి బంతి మాత్రం లయ తప్పుతుంది. వాళ్ళమ్మ హడలిపోయి బయటికొచ్చి వాణ్ణి లోపలికి లాక్కుంటుంది. తర్వాత ఆ పిల్లవాణ్ణి మరోచోట చూస్తాం. బంతి సరిగ్గా కొట్టడం నేర్పిస్తూ ఉంటారు, నేలని తాకిన ప్రతిసారీ వాడు నొప్పితో అరుస్తాడు. పిల్లల పుస్తకాల్లో ఇంత భయపెట్టే పేజీ నేను ఇంకొకటి చదవలేదు.

మాలో సగం మంది ఇది సోవియట్ రష్యా అన్నారు. 1962 నాటి పుస్తకం, ప్రచ్ఛన్న యుద్ధం రోజులు, అమెరికావాళ్ళు ఇంకెవర్ని తిడతారు అని వాళ్ళ వాదన. మాలో ఇద్దరు పాత వామపక్ష అభిమానులకి దానివల్లే పుస్తకం మీద కోపం. రెండో సగం ఇది అచ్చంగా అమెరికన్ సబ్‌డివిజనే అన్నారు. 2015లో లెంగిల్ మనవరాలు పాత రాతప్రతిలో ఒక భాగం బయటపెట్టింది. అచ్చులో తీసేసిన మూడు పేజీలు. అందులో మెగ్ తండ్రి, నియంతృత్వం వల్లనే కాదు, భద్రత మీద మితిమీరిన ఆశ వల్ల కూడా ఒక దేశం కామజాట్స్ కాగలదని కూతురికి చెప్తాడు. దీంతో తగువు తీరిపోతుందనుకున్నాను గానీ రెండు పక్షాలూ తామే గెలిచామన్నాయి. నన్నడిగితే ఆ పేజీలు తీసెయ్యడమే మంచిదైంది. చెప్పేస్తే అది ఒక దేశం అవుతుంది. చెప్పకపోతే చదివేవాడి వీధి అవుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ నెలలో మా అమ్మాయి పాత కాపీ కోసం బేస్‌మెంటులో అట్టపెట్టెలు వెతికాను. అయిదో తరగతి ప్రాజెక్టుల కింద దొరికింది. కామజాట్స్ ఇళ్ళ వర్ణన ఉన్న పేజీ అంచున పెన్సిల్‌తో ఒక నంబరు రాసి ఉంది. అది మా ఇంటి నంబరు. దాని పక్కన మా వీధిలో ఉన్న మరో మూడు తెలుగువాళ్ళ ఇళ్ళ నంబర్లు. వాళ్ళ పిల్లలూ మా పిల్లా శనివారం పొద్దున్న ఒకే లెక్కల క్లాసుకి, మధ్యాహ్నం ఒకే నాట్యం క్లాసుకి, ఆదివారం ఒకే తెలుగు బడికి, అక్కణ్ణించి ఒకే పొట్లక్కి వెళ్ళేవాళ్ళు. కార్లు కూడా రెండే రకాలు.

మేం కావాలని చేసింది కాదు, భయపడి చేశాం. కొత్త దేశం, మా పిల్లలు లయ తప్పితే పట్టుకోవడానికి వెనక బంధువులు లేరు. బంతి తప్పిన పిల్లవాడి తల్లి ముఖంలో లెంగిల్ రాసింది క్రూరత్వం కాదు, భయం. మా బృందంలో అందరూ ఆ తల్లిని ఇట్‌కి తొత్తు అన్నారు. ఆవిడ తరఫున మాట్లాడింది నేనొక్కదాన్నే.

అయితే ఎక్కాల విషయంలో మా అమ్మాయే నెగ్గింది. పుస్తకంలో ఎర్రకళ్ళ మనిషి పిల్లల మెదళ్ళని లొంగదీసుకోవడానికి వాడే మంత్రం ఏమిటో తెలుసా? ఎక్కాలే. ఒకటో ఎక్కం నుంచి, లయగా! ఇట్ ఎదుట నిలబడ్డప్పుడు మెగ్ మూలకాల పట్టిక అప్పచెప్తుంది, కొంతసేపటికి దానికీ లయ వచ్చేసి పట్టు జారుతుంది. అప్పుడు వర్గమూలాలు ఎత్తుకుంటుంది. అయిదుకి వర్గమూలం 2.236, ఆ తర్వాత అంకెలు ఎంతదూరం పోయినా మళ్ళీ ఒక వరసలో తిరిగి రావు. అందులో లయ లేదు కాబట్టి ఇట్‌కి పట్టు దొరకదు. లెక్కలు తెలిసినవాళ్ళు ఎగిరి గంతెయ్యవలసిన చోటు ఇది. టెసెరాక్ట్ తప్పుని గీసి చూపించిన ఇంజనీరుగారు దీన్ని గమనించకుండా దాటిపోయారు.

మూడో నెలలో ఆడవాళ్ళకీ ఆడవాళ్ళకీ పడింది. మెగ్ తల్లి మిసెస్ మర్రీకి జీవశాస్త్రంలో, బాక్టీరియా శాస్త్రంలో రెండు డాక్టరేట్లు. ఇంటిని ఆనుకునే ప్రయోగశాల. ప్రయోగం మధ్యలో లేవడం ఇష్టంలేక అక్కడే బున్‌సెన్ బర్నర్ మీద పిల్లలకి కూర వండుతుంది. 1962లో అమెరికన్ పిల్లల పుస్తకంలో ఇలాంటి తల్లి! మరి లెక్కల్లో అంత చురుకైన మెగ్ పెద్దయ్యాక ఏమైంది? కాల్విన్‌ని పెళ్ళి చేసుకుంది. ఏడుగురు పిల్లలు. భర్త సముద్ర జీవశాస్త్రవేత్త, ఆయన ప్రయోగాలకి లెక్కలు కట్టిపెడుతుంది. "తల్లికి ప్రయోగశాల, కూతురికి ఉయ్యాల" అని మా బృందంలో బోటనీ పి.హెచ్.డి. చేసిన ఒకావిడ చేతిలో పుస్తకం విసిరినంత పని చేసింది. ఇంకొకావిడ, "ఆ పిల్లకి అదే ఇష్టమేమో, ఇంట్లో ఉండటం ఓడిపోవడమా?" అంది. చాలామంది అమెరికన్ చదువరుల్లో కూడా ఇదే చీలిక ఉంది. మొదటి పుస్తకాన్ని ప్రాణంగా ప్రేమించి, తర్వాతి మెగ్‌ని క్షమించలేనివాళ్ళు బోలెడుమంది.

నేను ఆ రోజు మాట్లాడలేదు. నేను హెచ్-4 వీసా మీద వచ్చినదాన్ని. రెండు సూట్‌కేసుల్లో ఒకదానిలో పచ్చళ్ళూ చీరలూ, రెండోదాని అడుగున గోల్డ్‌స్టీన్ "క్లాసికల్ మెకానిక్స్". పని చెయ్యడానికి వీల్లేదు. హెచ్-4 వాళ్ళలో కొందరికైనా పని చేసుకునే అనుమతి వచ్చింది 2015లో, నా కాలానికి అది లేదు. గ్రీన్ కార్డు వచ్చేసరికి ఆరేళ్ళయింది. అప్పుడు కమ్యూనిటీ కాలేజీలో ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 2000 సంవత్సరం గండం పుణ్యమా అని ఒక ఉద్యోగం సంపాదించుకున్నాను. గోల్డ్‌స్టీన్ మళ్ళీ తెరవలేదు. కాబట్టి మెగ్ ఏడుగురు పిల్లల తల్లి అయిందని చదివితే నాకు లెంగిల్ మీద కోపం రాలేదు, ఆశ్చర్యమూ రాలేదు. వచ్చిన చిక్కల్లా వేరు. మెగ్ ఎందుకు ఆగిపోయిందో లెంగిల్ ఈ అయిదు పుస్తకాల్లో మెగ్ నోట చెప్పించదు. ఎవరూ ఆపకుండానే ఆగిందా, ఆపితే ఆగిందా? ఒక్క పేజీ, ఒక్క రాత్రి మెగ్ వంటింట్లో కూర్చుని ఆలోచించినట్టు రాసి ఉంటే బోటనీ ఆవిడా, ఆ రెండో ఆవిడా ఇద్దరూ ఊరుకునేవారు. విశ్వం అంచుల దాకా పాత్ర మనసులోకి వెళ్ళగలిగిన రచయిత్రి ఆ ఒక్క గదిలోకి వెళ్ళలేదు.

మిగిలిన పుస్తకాల్లో నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. ఇది మా బృందంలో మైనారిటీ అభిప్రాయం. చార్ల్స్ వాలెస్‌కి జబ్బు చేస్తుంది, జబ్బు అతని కణాల్లోని మైటోకాండ్రియాలో ఉంటుంది, మెగ్ అక్కడికే వెళ్ళాలి. వాటిలో ఉండే ఫారండోలాలు రచయిత్రి కల్పన. మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా వంటివేనన్న లిన్ మార్గులిస్ వ్యాసం 1967లో వచ్చింది, దానిమీద ఇంకా గొడవ నడుస్తున్న రోజుల్లోనే లెంగిల్ కథ రాసింది. కానీ పుస్తకానికి ప్రాణం అది కాదు. మెగ్‌కి అస్సలు పడని స్కూలు ప్రిన్సిపాల్ జెంకిన్స్ ముగ్గురుగా కనిపిస్తాడు. ఇద్దరు మాయగాళ్ళు, ఒక్కడే నిజం. నిజమైనవాణ్ణి పేరుపెట్టి పిలవాలంటే ఆ గిట్టనివాడిలో ఇష్టపడదగ్గది ఒకటైనా మెగ్‌కి దొరకాలి. భక్తికి సంబంధించి గట్టి విషయం ఉందన్నాను చూశారూ, ఇదే. మహనీయుల జాబితాలో లేనిది ఇక్కడుంది.

మూడోది చాలామందికి అన్నిటికన్నా గొప్పది, దానికి జాతీయ పుస్తక బహుమతి కూడా వచ్చింది. ఒంటికొమ్ము గుర్రం మీద చార్ల్స్ వాలెస్ కాలంలో వెనక్కి ఎగిరి, మనుషుల లోపలికి వెళ్ళి, అణుయుద్ధం ఆపడం కథ. రాత అందంగా ఉంది. నాకు మాత్రం గొంతు దిగలేదు. యుద్ధోన్మాది అయిన నియంత చెడ్డ అన్నదమ్ముడి వంశంలో పుట్టాడు కాబట్టి చెడ్డవాడట, పాత కాలంలో ఒక పెళ్ళి మార్చి మంచివాడి వంశంలో పుట్టిస్తే శాంతిదూత అయిపోతాడట. మంచి వంశానికి గుర్తు నీలికళ్ళు. అమెరికన్ ఆదివాసుల్లో కూడా మంచివాళ్ళకి వేల్స్ నుంచి వచ్చిన రాజుల నీలికళ్ళు! ఇక్కడి విమర్శకులు దీన్ని జాతి పక్షపాతం అన్నారు. పుట్టుకని బట్టి గుణం అనే మాటని మనం ఏ పేరుతో ఎరుగుదుమో వేరే చెప్పక్కర్లేదు. మా బృందంలో మాత్రం ఒకరిద్దరు "వంశం అంటూ ఒకటి ఉంటుంది కదండీ" అన్నారు. మెగ్‌కి జెంకిన్స్‌లో మంచి వెతకమని నేర్పిన రచయిత్రి అయిదేళ్ళకే ఈ పుస్తకం ఎలా రాసిందో నాకు అంతుపట్టలేదు.

నాలుగోది నోవహు ఓడ కథలోకి కవలలు వెళ్ళడం. బైబిల్లో పేర్లు కూడా లేని కోడళ్ళకి లెంగిల్ పేర్లు పెట్టి మాటలిచ్చింది, అందుకు చదవచ్చు. అయిదోది నేను పూర్తిచేసింది బృందానికి మాట ఇచ్చాను కాబట్టి.

చివరి తగువు మొదటి పుస్తకం ముగింపు మీద. ఇట్‌కి చిక్కిపోయిన తమ్ముణ్ణి మెగ్ కత్తితో కాదు, లెక్కలతో కాదు, ప్రేమతో విడిపిస్తుంది. ఇట్ దగ్గర లేనిది అదొక్కటే. "సినిమా క్లైమాక్స్" అన్నారు మగవాళ్ళు చాలామంది. నాకు ముగింపు సరైనదే అనిపించింది గానీ, మరీ తొందరగా తెమిల్చేసింది. తమ్ముడు చేతికందగానే అందరూ బ్రకోలీ మడిలో ఉంటారు.

ఇన్నేళ్ళ తర్వాత నేనూ మా అమ్మాయీ ఆ ఇట్ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. పెన్సిల్ నంబర్లున్న కాపీని మాత్రం అది తన ఇంటికి తీసుకెళ్ళింది. ఇప్పుడు దాని కొడుక్కి తొమ్మిదేళ్ళు. మొన్న వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఉండి అదే కాపీ చదివాడు. పూర్తయిన రోజు రాత్రి అన్నం దగ్గర అడిగాడు, "అమ్మమ్మా, ఆ బంతి అబ్బాయి ఏమయ్యాడు?" అని. మెగ్ నాన్న వచ్చేశాడు, తమ్ముడు వచ్చేశాడు. బంతి నేలని కొట్టినప్పుడల్లా ఏడ్చే ఆ పిల్లవాడు అక్కడే ఉన్నాడు కదా, వాణ్ణి ఎవరు తీసుకొస్తారు అని వాడి ప్రశ్న. అయిదు నెలలు పదిమందిమి కూర్చుని వాదించుకున్నాం, ఈ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. మేమంతా మా అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ వీసాలు పెట్టి తెచ్చుకున్నవాళ్ళమే.

రెండో పుస్తకంలో ఉంటాడేమో అని వాడు మర్నాడే అది మొదలుపెట్టాడు. మైటోకాండ్రియా అంటే ఏమిటని అడుగుతూ ఫోన్లు చేస్తున్నాడు, నేను చదువుకుని చెప్తున్నాను. ఆ అబ్బాయి మిగిలిన నాలుగు పుస్తకాల్లో ఎక్కడా రాడని మాత్రం ఇంకా చెప్పలేదు.